స్లీవ్ చేయించుకుంటే మాత్రలు అక్కర్లేదా?

"బరువు తగ్గే ఆపరేషన్లలో స్లీవ్ ఒక్కటే మేలు. పేగు జోలికి పోరు కాబట్టి తర్వాత విటమిన్ మాత్రలు అక్కర్లేదు. షుగర్ శాశ్వతంగా పోతుంది. బైపాస్ పాతది, ప్రమాదం." చదువుకున్న స్నేహితులే ఈ సందేశాన్ని మళ్ళీ మళ్ళీ పంపుతుంటే ఇక ఊరుకోలేకపోతున్నాను.

స్లీవ్ అంటే జీర్ణాశయాన్ని కోసి సన్నని గొట్టంలా మిగల్చడం. ఇక్కడ బైపాస్ గుండెది కాదు, జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి కిందిపేగుకు కలిపేది. బైపాస్ పాతదే. అయితే ఏమిటి?

షుగర్ శాశ్వతంగా పోతుందట. ఫిన్లాండ్‌లో 240 మందిని రెండు ఆపరేషన్ల మధ్య పంచి పదేళ్ళు గమనించారు. మొదట షుగర్ ఉన్నవారిలో, పదేళ్ళ తర్వాత అది అదుపులోకి వచ్చి మందులు లేకుండా ఉన్నవారు స్లీవ్‌లో 26 శాతం, బైపాస్‌లో 33 శాతం. తగ్గిన అదనపు బరువులోనూ బైపాస్‌దే పైచేయి, సుమారు 8 శాతం తేడాతో. అన్నవాహికలో పుండ్లు, వాపు స్లీవ్ వారిలో 31 శాతం మందికి కనిపిస్తే బైపాస్ వారిలో 7 శాతం మందికే. ముందునుంచీ ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవారికి ఈ సందేశం ఏం చెప్పింది? ఒక్క ముక్కా లేదు.

అసలు కోపం మాత్రల మాట మీద. స్లీవ్‌లో జీర్ణాశయంలో దాదాపు ముప్పావు వంతు కోసి తీసేస్తారు. బి12 ఒంటికి పట్టడానికి కావలసిన పదార్థం తయారయ్యేది అక్కడే. ఐరన్ అందడానికి తోడ్పడే ఆమ్లం ఊరేదీ అక్కడే. పేగును ముట్టుకోకపోతే సరిపోతుందా? కాలేయంలోని బి12 నిల్వ కొంతకాలం కాపాడుతుంది కాబట్టి మొదట ఏమీ తెలియదు. తర్వాత అరికాళ్ళలో తిమ్మిర్లు, నడకలో తూలు. పాలు, పెరుగు తప్ప బి12 దొరకని మన శాకాహారుల సంగతి చెప్పాలా? బి1 ఇంకా ఘోరం. దాని నిల్వ కొన్ని వారాలకే చాలుతుంది. ఆపరేషన్ తర్వాత ఆగని వాంతులైతే అది అడుగంటి, చూపు చెదిరి, మనిషి అయోమయంలో పడతాడు. అప్పుడు బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు ఇంకా దెబ్బతింటుంది. "మాత్రలు అక్కర్లేదు" అని రాసిన చెయ్యి ఆ రోగి ఇంటివాళ్ళకు ఏం జవాబు చెబుతుంది?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. బైపాస్ తర్వాత ఏళ్ళు గడిచాక కూడా కడుపు లోపలి సందులో పేగు ఇరుక్కుని హఠాత్తుగా ఆపరేషన్ అవసరం కావచ్చు. స్లీవ్‌లో ఆ బెడద లేదు, తొలి రోజుల చిక్కులూ తక్కువే. ఇదివరకే కోతలు పడి పేగులు అతుక్కుపోయినవారికి స్లీవే నయమని నేనూ అంటాను, మాత్రలతో సహా.