చూపుడు వేలు గారికి, గుమ్మడి పిందెల కేసు విషయమై

చూపుడు వేలు గారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి. మీ మీద తరతరాలుగా నడుస్తున్న ఒక కేసు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అభియోగం మీకు తెలిసిందే. పందిరి మీద గుమ్మడి పిందె గానీ, ఆనప పిందె గానీ, పొట్ల పిందె గానీ కనిపిస్తే మీరు దాని వైపు సాగకూడదు. సాగారో, వారం తిరక్కుండా అది పసుపు రంగుకు తిరిగి, మెత్తబడి, రాలిపోతుంది. సాక్షులకు కొదవ లేదు, ఇంటికో బామ్మ ఉంది. పిల్లలెవరైనా 'అదిగో పిందె' అని మిమ్మల్ని చాచారంటే చేతి మీద ఒక్కటి పడుతుంది. చూపించక తప్పకపోతే మిమ్మల్ని మడిచి కణుపుతో చూపించాలి, లేదా గడ్డంతో చూపించాలి. 'అటు కాదు, ఇటు, ఆ ముదురాకు కింద' అంటూ గడ్డం తిప్పే వాళ్ళను చూస్తే పిందె కంటే ముందు మెడ రాలేలా ఉంటుంది.

విచారణ లేకుండా ఇంతకాలం శిక్ష అనుభవించారు. మిమ్మల్ని వేలెత్తి చూపాలన్నా మళ్ళీ మీరే కావాలి కదా, అదొక్కటే మీకు మిగిలిన గౌరవం.

ఇక కేసులోకి వద్దాం. ఈ తీగలకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. ముందు మగపూలు వస్తాయి, అవే ఎక్కువ కూడా. ఆడపువ్వు ఇంకా మొగ్గగా ఉండగానే దాని అడుగున బుల్లి కాయ ఆకారం కనిపిస్తుంది. దాన్ని చూసి మనం 'పిందె పడింది' అని మురిసిపోతాం. అది కాయ కాదండీ, కాయ అవుతానని తీగ పెట్టుకున్న దరఖాస్తు. మగపువ్వు పుప్పొడిని తేనెటీగో, అలాంటి మరో పురుగో మోసుకొచ్చి ఆడపువ్వులో వదిలితే గానీ అది మంజూరు కాదు. గుమ్మడి పువ్వు తెల్లవారుతుండగా విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఆ నాలుగైదు గంటల్లో తేనెటీగ రాలేదా, తీగ ఇక ఆ పిందెకు తిండి పెట్టడం మానేస్తుంది. అది వాడి రాలిపోతుంది. ఆ సమయంలో మీరు కాఫీ గ్లాసు పట్టుకుని ఉన్నారని నిరూపించగలను.

పుప్పొడి అంది, నాలుగు రోజులు పెరిగాక కుళ్ళిన పిందె ఉందే, దాని హంతకుడు వేరు. పండు ఈగ. లేత తొక్కలోకి సూది దించినట్టు దించి లోపల గుడ్లు పెట్టి, చక్కా పోతుంది. పురుగులు పుట్టి గుజ్జంతా తినేస్తాయి. బయటికి చిన్న చుక్క, కాస్త జిగురు, వంకర తిరిగిన కాయ, అంతే. దూరం నుంచి సాగి అంత పని చేసే నేర్పు మీకెక్కడిది?

మరి మీరెలా ఇరుక్కున్నారు? మీరు సాగేది పిందె కొత్తగా కంటపడ్డ రోజునే. అది పిందెలు రాలే వయసు కూడా. మీరు చూపించాక నిలబడ్డ కాయలు కూడా ఉన్నాయి, కానీ వాటిని పులుసు పెట్టుకుని తినేశారు. పులుసులో ఉడికిన కాయ కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పదుగా!

ఇంకో సంగతి. ఎన్నో ఊళ్ళలో కూడలిలో అంబేద్కర్ గారి విగ్రహం వేలు చాచి నిలబడి ఉంటుంది. ఎండకీ వానకీ ఏళ్ళ తరబడి ఆ వేలు దించింది లేదు. ఆ దిక్కున ఉన్న పెరళ్ళలో ఆనపపాదులు కాయడం మానలేదు. ఎడమ చేతిలో ఉన్న మీ తమ్ముణ్ణే చూడండి. 1962 ఎన్నికల నుంచి మైసూరు సిరా పూయించుకుంటూ, ఎవరు మనల్ని ఏలాలో తేల్చిన వేలు ఇదేనని గుర్తు వేయించుకుంటున్నాడు. ఓటేసి ఇంటికి రాగానే ఆయన్నీ పెరట్లో మడుచుకోమంటారు.

ఇక ఆ గుమ్మడి వంశం వేషాలు చూడండి. పిందెగా ఉన్నప్పుడు ఒక్క వేలికే ప్రాణం పోతుందట. అదే వంశంలో బూడిద గుమ్మడికాయ ముదిరాక గుమ్మానికి వేలాడదీస్తే ఊరందరి దిష్టినీ ఒంటిచేత్తో ఆపేస్తుందట!

మీ కేసు నవ్వుకోవడానికి బాగానే ఉంది. మీ పక్క గదిలో ఉన్నవాళ్ళ కేసు అలా కాదు. నెలసరిలో ఉన్న ఆడమనిషి నీడ పడితే పాదు మాడిపోతుందనీ, పిల్లల్లేని ఆవిడ చూపు తగిలితే పూత నిలవదనీ అన్నదీ ఈ నోళ్ళే. గింజ పెట్టిందీ, బిందెతో నీళ్ళు మోసిందీ, పేడ కలిపి పోసిందీ ఆవిడే. అన్నాళ్ళూ చెయ్యి పనికొచ్చింది, ఆ మూడు రోజులు మాత్రం నీడ కూడా పనికిరాదు. అదే మూడు రోజుల్లో పందిరంతా తిరిగి గుడ్లు పెట్టిపోయిన పండు ఈగకు ఏ అంటూ లేదు. మిమ్మల్ని కనీసం మడిచి ఊరుకున్నారు, ఆవిణ్ణి దూరంగా కూర్చోబెట్టారు.

బామ్మల మాటలన్నీ కొట్టిపారేస్తున్నానని అనుకోకండి. పొద్దున్నే ఆకుల మీద మంచు తడి ఉండగా బూడిద చల్లమంటే చల్లుతాను, పెంకు పురుగులు ఆ ఆకుల జోలికి అంతగా రావు. ఇంటి ముందు మునగ చెట్టు వద్దన్న మాటలోనూ విషయం ఉంది. పెళుసు కొమ్మలు, గాలివానకు విరిగి నెత్తిన పడతాయి. పైగా గొంగళి పురుగులు. మధ్యలో దయ్యాన్ని ఎందుకు లాక్కొచ్చారో తెలీదు. మీ విషయంలోనూ అలాంటిదే జరిగి ఉండొచ్చు. పిల్లలు పిందెను చూపిస్తూ చూపిస్తూ పట్టుకుంటారు. లేత తొక్కకు గోరు గీసుకుంటే అక్కడే కుళ్ళు మొదలవుతుంది. 'ముట్టుకోకు' అంటే వినరని 'చూపించకు' అన్నారేమో. అలాగైతే నేరం గోరుది. రైతు బజారులో బొటనవేలు గారు ప్రతి ఆనపకాయకూ గోరు గుచ్చి లేతదనం చూస్తూ దర్జాగా తిరుగుతున్నారు, ఆయన్ని ఎవరూ ఏమీ అనరు!

ఇప్పుడు మిద్దెతోటల కాలం. ఐదో అంతస్తులో కుండీలో పాదు పెడతాం, అంత పైకి తేనెటీగలు రావడమే తక్కువ. వచ్చిన నాలుగూ పూలు విచ్చుకున్న పొద్దుటిపూట ఎవరో కొట్టిన పురుగుమందుకు పోతాయి. పిందె రాలగానే 'వాట్సాప్‌లో ఫొటో పెట్టాను, దిష్టి తగిలింది' అంటారు. ఫొటో నొక్కిందీ మీరే, పంపిందీ మీరే. కొత్త సెక్షన్ కింద మళ్ళీ మీ మీదే కేసు.

అందుకని రేపు పొద్దున ఆరింటికి మా మిద్దె మీదకు డ్యూటీకి రండి. సన్న కాడతో ఉన్న మగపువ్వును కోసి, రేకులు తీసేసి, మీరూ బొటనవేలూ కలిసి పట్టుకుని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. పుప్పొడి మీకు అంటుకుంటే తుడుచుకోకండి, ఇంకో పువ్వు ఉంది. ఆనప, బీర పూలు పొద్దు వాలాక విచ్చుకుంటాయి, వాటికి సాయంత్రం షిఫ్టు. పిందె నిలిచాక పండు ఈగ వాలకుండా కాగితం సంచి తొడిగి కట్టే పనీ మీదే. జీతం అంటారా, మొదటి కాయ దప్పళం పెట్టిన రోజున విస్తరి ఊడ్చి నాకే హక్కు ఎటూ మీదేగా.

ఇట్లు,
మీ తరఫు వకీలు
(ఫీజు అడగను, పిందెలు నిలిస్తే చాలు)