ల్యాప్ స్టీల్ దొరగారికి ఒక విన్నపం

ఒళ్లో వెల్లకిలా పవళించి, తీగల మీద స్టీలు బార్ జారిస్తేగాని పలకని మహారాజశ్రీ ల్యాప్ స్టీల్ గిటార్ వారి సముఖమునకు, ఇరవై రెండేళ్లుగా మామూలు గిటార్ వాయిస్తూ, ఆ విద్య ఎంతో కొంత పట్టుబడిందని మూడు నెలల క్రితం దాకా నమ్మినవాడొకడు నమస్కరించి వ్రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, కుశలం మీ ఒక్కరిదే కనుక ఆ మాటలో సగాన్ని నేను మినహాయించుకుంటున్నాను.

తమరిని ఇంటికి తెచ్చుకున్న రోజున నా లెక్క చాలా సులువుగా ఉండేది. నా గిటార్‌కూ ఆరు తీగలే, మీకూ ఆరు తీగలే. బారీ కార్డుల కోసం, అంటే తీగలన్నిటినీ అడ్డంగా అదిమి కొన్ని స్వరాలను ఒకేసారి పలికించడం కోసం, చూపుడువేలు ఇన్నాళ్లూ పడ్డ పాట్లు ఇకమీద ఒక స్టీలు బార్ పడుతుంది, నేను హాయిగా కూర్చుంటాను అనుకున్నాను. నా వేళ్ల చివర కాయలు కాసి ఉన్నాయి; వాటిని చూసైనా కాస్త గౌరవిస్తారని ఆశపడ్డాను. తీరా చూస్తే మీ తీగలు నొక్కడానికి వీల్లేనంత ఎత్తున ఉన్నాయి, వాటి కింద ఉన్నవి తీగను ఆపే ఫ్రెట్ కడ్డీలు కావు, వాటి చోటు చూపే గీతలు మాత్రమే. మామూలు గిటార్ మీద వేలు ఫ్రెట్‌కు కాస్త వెనక పడాలి. మీ దగ్గర బార్ సరిగ్గా గీత మీదే నిలవాలి. పాత అలవాటు కొద్దీ నా చేయి ప్రతిసారీ గీతకు ఇవతలే ఆగడంతో, మొదటి నెలంతా నేను వాయించిన ప్రతి స్వరమూ శ్రుతికి వెంట్రుకవాసి తక్కువగా పలికింది. ఇంట్లోవాళ్లు దాన్ని విషాద సంగీతం అనుకుని ఊరుకున్నారు.

ఇక తమరి ట్యూనింగుల, అంటే తీగలను శ్రుతి చేసే పద్ధతుల, సంగతి. ఓపెన్ డి, ఓపెన్ జి, సి6, ఏ6, ఈ7, బి11, ఈ13 అంటూ విష్ణుమూర్తికి పోటీగా అవతారాలెత్తారు. ఓపెన్ డి నన్ను ఆదరంగానే పిలిచింది: ఖాళీ తీగలు మీటితే డి, 5వ ఫ్రెట్‌లో జి, 7వ ఫ్రెట్‌లో ఎ, ఒక్క పూటలో మూడు కార్డులూ చేతికొచ్చాయి. అప్పుడు విషాదంగా పలికే మైనర్ కార్డు అడిగాను. బార్ నిటారుగా ఉన్నంతకాలం ఎక్కడికి జరిగినా ఉల్లాసంగా పలికే మేజరే వస్తుందని, బి మైనర్ కావాలంటే డి, ఎఫ్ షార్ప్ పలికే (సన్నని తీగ నుంచి లెక్కిస్తే) 4, 3 తీగలను మాత్రమే మీటి, లేని బి స్వరాన్ని వినేవారి ఊహకు వదిలేయాలని అప్పుడు తెలిసింది. అడిగిన కార్డులో మూడో వంతు శ్రోతే సమకూర్చుకోవాలని చెప్పే వాద్యాన్ని నేను మునుపెన్నడూ చూడలేదు.

అందుకని సి6 కాళ్లు పట్టుకున్నాను. మందమైన తీగ నుంచి వరసగా సి, ఇ, జి, ఎ, సి, ఇ. నాకు తెలిసిన ట్యూనింగ్‌లో మారకుండా మిగిలేది అన్నిటికన్నా సన్నదైన మొదటి తీగ ఒక్కటే. నాలుగో తీగను డి నుంచి జి దాకా, అంటే అయిదు అర్ధస్వరాలు పైకి బిగించాలి. పాత తీగలతోనే ఆ పనికి పూనుకున్నాను. తీగ తెగి మణికట్టు మీద చరిచింది. దానికి తగిన మందంతో తీగల సెట్టు వేరే దొరుకుతుందని ఆ తర్వాత తెలిసింది. ఆ సెట్టు వేశాక నిజంగానే ముచ్చటేసింది: మందమైన మూడు తీగల్లో సి మేజర్, సన్నని మూడు తీగల్లో ఎ మైనర్, బార్ కదపకుండానే.

ఆ ముచ్చట, మేజర్‌కు నాలుగో స్వరం చేర్చిన సెవెన్త్ కార్డు దాకానే నిలిచింది. సి7కు ప్రాణమైన ఇ, బి ఫ్లాట్‌ల మధ్య ఉండే ఎడం సి6లో ఏ రెండు తీగల మధ్యా లేదు. అది కావాలంటే బార్‌ను వాలుగా పట్టాలి: నాలుగో తీగ మీద 9వ ఫ్రెట్, రెండో తీగ మీద 10వ ఫ్రెట్ వచ్చేలా దాని ముక్కును, అంటే కొసను, తీగలు మీటే చివరనున్న బ్రిడ్జి వైపు తిప్పాలి. మధ్యనున్న మూడో తీగ అప్పుడు తొమ్మిదిన్నరో ఫ్రెట్‌లో, ఏ స్వరానికీ చెందని త్రిశంకు స్వర్గంలో ఉంటుంది. తీగ మీటడానికి నా బొటనవేలికి తొడిగిన పిక్ తప్పకుండా దాన్నే తాకుతుంది. ఎన్నో ఏళ్లుగా కళ్లు మూసుకుని పట్టుకున్న సెవెన్త్ కార్డు కోసం ఇప్పుడు రెండు కళ్లూ అప్పగించి, ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నాను.

తమరి వంశచరిత్ర కూడా చదివాను. 1880ల్లో హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు తీగల మీద ఇనుపముక్క జార్చి మీకు జన్మనిచ్చాడని చెబుతారు. 1932లో రికెన్‌బ్యాకర్ వారి అల్యూమినియం గిటార్ బజారుకొచ్చినప్పుడు దాని ఆకారం చూసి జనం పెనం అని పేరు పెట్టారు. ఎలక్ట్రిక్ గిటార్లలో బజారులో నిలిచిన మొదటిది మీ ఇంటిదే కనుక, నా పాత గిటార్ మీకు వరసకు తమ్ముడవుతుంది. అన్నగారికి ఇంత బెట్టు ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

చివరిగా ఒక ఫిర్యాదు. నిన్న ఆ తమ్ముణ్ణి చేతిలోకి తీసుకుని జి మేజర్ పట్టబోయాను. వేళ్లు సరిగ్గా ఫ్రెట్ కడ్డీల మీదే వాలాయి. తీగలు మోగకుండా టప్పుమని ఊరుకున్నాయి.

ఇట్లు,
రెంటికీ చెడ్డ రేవడి