కిలోల లెక్కన శిక్ష

విశాఖ మన్యంలోని చింతపల్లి, జి.కె.వీధి కొండల నుంచి గంజాయి కిందికి దిగేటప్పుడు ముందుగా ఒక పైలట్ వాహనం వెళుతుంది. పోలీసులు కనిపిస్తే వెనక బండికి ఫోను చేయడం దాని పని. అయినా పట్టుబడిన రోజున సరుకు పక్కన ఉండేది డ్రైవరు, లేదా కూలికి బస్తా మోసిన గిరిజన యువకుడు. పెట్టుబడి పెట్టినవాడు అక్కడ ఉండడు. మత్తు పదార్థాలను చట్టబద్ధం చేయాలా, నిషేధించాలా అనే చర్చ మన దగ్గర ఎప్పుడూ నగరాల్లోని విందుల చుట్టూ తిరుగుతుంది. అది మొదలుకావలసిన చోటు ఈ ఘాట్ రోడ్డు.

మత్తు పదార్థాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం అన్నిటికన్నా ముందు బరువు చూస్తుంది. గంజాయి కిలో వరకు ఉంటే ‘చిన్న పరిమాణం’, శిక్ష ఏడాది లోపే. 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’, కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు. జడ్జికి ఎంత జాలి కలిగినా 10 ఏళ్ల కన్నా తగ్గించే వీలు లేదు. బెయిలు కావాలంటే, నిందితుడు నిర్దోషి అని నమ్మడానికి తగిన కారణాలున్నాయని విచారణకు ముందే కోర్టుకు నమ్మకం కలగాలి. 20 కిలోలంటే ఒక మనిషి భుజాన వేసుకుని నడవగల మూట. దాన్ని మోసిన కూలికీ, దాని యజమానికీ కనీస శిక్ష ఒక్కటే. ఈ అన్యాయం నన్ను కలచివేస్తుంది.

ఇంత కఠినంగా ఉన్నా సరుకు ఆగిందా? 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో మన్యంలో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలు తగలబెట్టారు. సాగు తగ్గిన మాట నిజమే. కానీ ఒడిశా వైపు నుంచి వచ్చే సరుకు ఇంకా ఇవే దారుల్లో దిగుతోంది.

అలాగని దుకాణాలు తెరవమని అనను. థాయిలాండ్ 2022 జూన్‌లో గంజాయిని మత్తు పదార్థాల జాబితా నుంచి తీసేసి, నియంత్రణ చట్టం సిద్ధం కాకముందే వీధివీధినా అమ్మకాలు చూసి, 2025లో మళ్లీ డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. అంత దూరం పోనక్కరలేదు. దూబగుంట మహిళలు రాజేసిన ఉద్యమంతో 1993లో సారాను, 1995లో మద్యాన్ని నిషేధించిన మన రాష్ట్రం, ఖజానా భారం మోయలేక 1997లో వెనక్కి తగ్గింది. మత్తు మీద వచ్చే రాబడికి ప్రభుత్వం అలవాటుపడితే ఇక దాన్ని మాన్పించేవారెవరు?

అమ్మకం వేరు, వాడకం వేరు. పోర్చుగల్ 2001లో ఈ రెండింటినీ విడదీసింది. అమ్మితే అక్కడ నేటికీ నేరమే. పది రోజుల వాడకానికి మించని మత్తుమందుతో దొరికినవారిని మాత్రం కోర్టుకు కాక, వైద్యం, న్యాయం, సామాజిక సేవ తెలిసినవారి కమిటీ ముందుకు పంపుతారు. సూదుల ద్వారా హెచ్‌ఐవీ సోకడం అక్కడ బాగా తగ్గింది. అమెరికాలోని ఒరెగాన్ 2021లో అదే దారి పట్టి, 2024లో మళ్లీ నేరంగా మార్చింది. అక్కడ దొరికినవారికి 100 డాలర్ల జరిమానా వేసేవారు. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే అదీ మాఫీ. ఫోను చేసినవారు బహు కొద్దిమంది. చికిత్స కేంద్రాలకు డబ్బు ఆలస్యంగా అందింది, ఈలోగా ఫెంటానిల్ అనే ప్రాణాంతక మత్తుమందు ముంచుకొచ్చింది. శిక్ష తీసేసిన చోట చికిత్స వెంటనే నిలబడకపోతే ఏమవుతుందో ఒరెగాన్‌లో కనబడింది.

మన చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వ్యసనపరుడు గుర్తింపు పొందిన కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్స పూర్తి చేసుకుంటే అతనిపై విచారణ ఉండదు. కానీ అది కేసు పడ్డాక దొరికే రక్షణ. గంజాయి తాగినందుకే ఆరు నెలల జైలు లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే 27వ సెక్షన్ ఇంకా అలాగే ఉంది. ఆ భయం ఉన్నంతవరకు కొడుకును ఏ తల్లి ధైర్యంగా చికిత్సకు తీసుకువెళుతుంది? సొంత వాడకాన్ని నేరాల జాబితా నుంచి తప్పించాలని కేంద్ర సామాజిక న్యాయ శాఖే 2021లో సూచించింది. ఆ సూచనను పార్లమెంటు ముందుకు తేవాలి. దాంతో పాటు, కనీస శిక్ష విధించేటప్పుడు బరువుతో సమానంగా నిందితుడి పాత్రనూ చూసే అధికారం జడ్జికి ఇవ్వాలి. మూట మోసినవాడు, పెట్టుబడి పెట్టినవాడు వేర్వేరు మనుషులని చట్టం ఒప్పుకోవాలి.