సవరణ: వాలాజా మసీదు శాసనం, శుక్రవారం సంగతి

చెన్నై ట్రిప్లికేన్‌లోని పార్థసారథి గుడికి వచ్చే మనవాళ్లు దగ్గర్లోని వాలాజా పెద్ద మసీదు కూడా చూడాలని మొన్న రాశాను. అందులో, అక్కడ రాతి మీద చెక్కినది ఖురాన్ వాక్యమని చెప్పాను. అది తప్పు.

అది మసీదు కట్టిన ఏడాదిని తెలిపే పారశీక పద్యం. మద్రాసు చరిత్ర రాసినవాళ్లు చెప్పేదాని ప్రకారం, దాన్ని రాసింది ఆర్కాటు నవాబు కొలువులోని మున్షీ (రాతకోతలు చూసే ఉద్యోగి), రాజా మఖన్‌లాల్ ఖిరత్ అనే హిందువు. ఏడాదిని అంకెల్లో చెప్పకుండా 'జిక్రుల్లాహి అక్బర్' అనే మాటల్లో దాచాడు. అరబ్బీలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంటుంది. ఆ లెక్కన 'జిక్ర్' 920, 'అల్లాహ్' 66, 'అక్బర్' 223. మొత్తం 1209, అంటే ఇస్లామీ క్యాలెండరైన హిజ్రీ ప్రకారం 1209. మన లెక్కలో 1794-95. దేవుణ్ణి తలుచుకోవడమే అన్నిటికన్నా గొప్పదనే మాటలోనే తేదీ కూడా ఇమిడిపోయింది. ఇంత అందమైన పనితనం గురించి తప్పుగా చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇంకొకటి. 'శుక్రవారం మసీదు కళకళలాడుతుంది' అన్నది చదివి, కొందరు ఆ మధ్యాహ్నమే చూడ్డానికి రమ్మన్నాననుకున్నారు. కాదు. అది జుమ్మా నమాజు వేళ, చూడ్డానికి వెళ్లే సమయం కాదు. నమాజు లేని వేళ చూసుకుని, లోపలున్నవాళ్లను అడిగి వెళ్లండి. చెప్పులు బయటే వదలాలి, ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకోవాలి. ఎవరైనా నమాజు చేస్తుంటే వాళ్ల ముందు నుంచి నడవకండి, ఫొటో తీయకండి.

పాత పోస్టులో ఈ రెండూ సరిచేశాను.