చందా ఢిల్లీ కట్టింది, వ్యాసం పర్లాకిమిడికి చేరలేదు

పరిశోధన పత్రికల (జర్నళ్ల) చందా దేశమంతటికీ కలిపి కేంద్రమే కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి కేంద్ర క్యాబినెట్ 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివేవాళ్లు పైసా కట్టక్కర్లేదు. మరి ఒడిశాలోని పర్లాకిమిడిలో, రాయగడలో, బరంపురంలో ప్రాజెక్టులు రాసుకునే మన తెలుగు పిల్లలు డాలర్లు అడిగే పేజీ దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు?

డబ్బు లేక కాదు. దారి చూపించే లైబ్రేరియన్ లేక.

క్యాంపస్ నెట్‌వర్క్‌లో తెరుచుకునే వ్యాసం ఇంటికెళ్లి ఫోన్‌లో చూస్తే తెరుచుకోదు. బయటినుంచి చదవాలంటే ఇన్‌ఫెడ్ లాగిన్, అంటే ఫలానా కాలేజీ విద్యార్థినని ఆన్‌లైన్‌లో చూపించే ఐడీ, పాస్‌వర్డ్ కావాలి. దాన్ని ఇవ్వాల్సింది కాలేజీయే. హాస్టల్ సీటు దొరకక పల్లె నుంచి బస్సులో వచ్చిపోయే అమ్మాయి చదువుకునేది రాత్రిపూట, ఇంట్లో, ఫోన్‌లో. ఆమెకు ఆ లాగిన్ లేకపోతే ఆరు వేల కోట్లూ లేనట్టే. ప్రతి వ్యాసానికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య డీఓఐతో వెతకాలని, గూగుల్ స్కాలర్‌లో ‘అన్ని వెర్షన్లు’ నొక్కితే రచయిత తన యూనివర్సిటీ సైట్లో పెట్టిన ఉచిత ప్రతి ఒక్కోసారి దొరుకుతుందని, అదీ లేకపోతే రచయితకే రెండు ముక్కలు మెయిల్ రాయొచ్చని ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూపించాలి. అరగంట పని. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే గుమాస్తాకు అదనపు బాధ్యతగా లైబ్రరీని అప్పగించిన చోట ఆ అరగంట ఎవరిస్తారు?

చందా కట్టాల్సిన వ్యాసాలను అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సైట్ సైహబ్ ఉండగా లైబ్రరీ ఎందుకని కొందరంటారు. పిల్లల అవసరం నాకు అర్థమవుతుంది. కానీ దాని మీద 2020 నుంచి ఢిల్లీ హైకోర్టులో కేసు నడిచింది. హక్కుగా దక్కినదాన్ని దొంగదారిలో తెచ్చుకోవాల్సిన ఖర్మ మన పిల్లలకెందుకు?

అసలు బాధ ఇంకొకటుంది. పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు. ఆయన సవర భాషకు వ్యాకరణం రాసింది అక్కడి అనుభవంతోనే. 1936లో ఆ ఊరు ఒడిశాలో చేరడంతో ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఇవాళ అదే ఊళ్లో ఒక తెలుగు విద్యార్థి వాడుకభాషా ఉద్యమం మీద రాయాలనుకుంటే కావలసింది అంతర్జాతీయ జర్నళ్లు కాదు, ఆనాటి తెలుగు పత్రికల వ్యాసాలు. అవి ఆ 30 సంస్థల జాబితాలో దొరికేవి కావు. రాజమండ్రిలోనో విశాఖలోనో ఏదో లైబ్రరీ అల్మారాలో ఉంటాయి. సరిహద్దు గీత ఇటు పడింది, పుస్తకాలు అటు ఉండిపోయాయి. ఒడిశా ప్రభుత్వానికి ఇది పట్టదు, మన రెండు రాష్ట్రాలకు ఒడిశాలోని తెలుగువాళ్లు గుర్తుకు రారు.

చేయాల్సింది పెద్దదేమీ కాదు. అడ్మిషన్ రోజున ఐడీ కార్డుతోపాటే ఇన్‌ఫెడ్ లాగిన్ చేతిలో పెట్టాలి. ఖాళీగా ఉన్న లైబ్రేరియన్ పోస్టులు నింపాలి. తెలుగు వ్యాసం కావాలని బరంపురం నుంచి అడిగితే పత్రిక పేరు, సంవత్సరం, సంచిక, పేజీ నంబర్లు చూసి, ఆ పేజీలు స్కాన్ చేసి పంపేలా ఆంధ్ర, తెలంగాణ యూనివర్సిటీ లైబ్రరీలు ఒప్పందం చేసుకోవాలి. ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టొచ్చు.