చదివితే పాడైపోతుంది

పుస్తకంలో అక్షరాలు ఉండటం బైండింగ్ కళకు మొదటినుంచీ పట్టిన పీడ. మేకతోలును పల్చగా చెక్కి, కోడిగుడ్డు తెల్లసొన పూసి, పైన బంగారు రేకు పరిచి, కాల్చిన ఇత్తడి అచ్చుతో ఒక్కో ఆకునూ ఒక్కో తీగనూ ఒత్తుతాడు పనివాడు. అచ్చు వేడి కాస్త ఎక్కువైతే తోలు మాడుతుంది, తక్కువైతే బంగారం అంటదు. అంత కష్టపడి ముగించాక ఎవడో వచ్చి, పల్లీలు తిన్న చేత్తోనే అట్ట తెరిచి, "ఇంతకీ లోపలేముంది?" అంటాడు. ఈ ప్రశ్నను నేరంగా ప్రకటిస్తూ ఇంతవరకు చట్టం ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.

ఈ కళకు పరమాదర్శమని చెప్పదగ్గ పుస్తకం నా లెక్కలో ఒక్కటే ఉంది. లండన్‌లో సంగోర్‌స్కీ, సట్‌క్లిఫ్ అనే ఇద్దరి బైండింగ్ సంస్థ 1911లో పూర్తి చేసిన, పారశీక కవి ఒమర్ ఖయ్యాం రుబాయీల (నాలుగు పాదాల పద్యాల) ప్రతి. 'గ్రేట్ ఒమర్' అంటారు. పని పురమాయించిన పుస్తకాల వ్యాపారి ఖర్చుకు వెనకాడొద్దన్నాడు. వాళ్ళు ఆ మాటను అక్షరాలా పాటించారు. రెండేళ్ళ పని, దాదాపు 5,000 తోలు ముక్కలు, 1,050 రత్నాలు, ముందు అట్ట మీద మూడు నెమళ్ళు.

ఖయ్యాం చెప్పిందేమిటో దువ్వూరి రామిరెడ్డి అనువాదం 'పానశాల' చదివిన తెలుగువాళ్ళకు తెలిసిందే. సిరులు నిలవవు, రేపటి సంగతి ఎవరికెరుక, ఈ పూటకు పాత్రలో ఉన్నది తాగు. ఈ సంగతి చెప్పడానికి 1,050 రత్నాలు తక్కువే అయ్యాయని నా అభిప్రాయం. బతుకు క్షణికమని గుర్తుచేయడానికి అట్ట లోపలివైపు ఒక పుర్రెను కూడా పెట్టారు. పళ్ళు మాత్రం ఏనుగు దంతంతో చేయించారు. వైరాగ్యమైనా సరే, నాసిరకంగా ఉండకూడదు కదా.

దానికి చెప్పిన ధర 1,000 పౌండ్లు. కొనేవాళ్ళు నీళ్ళు నమిలారు. అమెరికా పంపితే అక్కడి కస్టమ్స్ వాళ్ళు అడిగిన సుంకం కట్టడానికి ఒప్పుకోక వెనక్కి తెప్పించుకున్నారు. చివరికి 1912 మార్చిలో వేలం వేస్తే 405 పౌండ్లు పలికింది. కొన్న అమెరికన్ వ్యాపారికి దాన్ని చేర్చడానికి ఓడ ఎక్కించారు. ఆ ఓడ పేరు టైటానిక్.

పాఠకుడి చేతికి చిక్కకుండా పుస్తకాన్ని కాపాడటానికి ఇంత పకడ్బందీ ఏర్పాటు ఏ గ్రంథాలయమూ ఇంతవరకు చేయలేదు. అట్లాంటిక్‌లో దాదాపు 3,800 మీటర్ల లోతున వేలిముద్రలు పడవు, పేజీల మూలలు మడవరు. ఇదంతా అట్ట మీది నెమళ్ళ అరిష్టమని కొందరు ఇంగ్లీషువాళ్ళు అన్నారట. సుబ్రహ్మణ్యస్వామి వాహనం మీద ఇంత నింద వేసినవాళ్ళు మంచుకొండను ఒక్క మాటా అనలేదు. ఆ వేసవిలోనే సంగోర్‌స్కీ కూడా సముద్రంలో మునిగి చనిపోయాడు. ఆ విషయంలో నవ్వడానికేమీ లేదు.

తర్వాత సట్‌క్లిఫ్ మేనల్లుడు స్టాన్లీ బ్రే పాత డిజైన్లు చూసి రెండో ప్రతి చేశాడు. భద్రంగా ఉంటుందని లండన్‌లోనే ఒక బ్యాంకు లాకర్‌లో పెట్టారు. 1941లో జర్మన్ బాంబులు పడ్డాయి. వేడికి తోలు, కాగితం పాడైపోయి రాళ్ళు మిగిలాయి. అంటే పుస్తకంలో ఏది ముఖ్యమో అగ్నిదేవుడికి కూడా తెలుసన్నమాట. బ్రే ఊరుకోలేదు. ఆ రాళ్ళతోనే మూడోది మొదలుపెట్టి, రిటైరయ్యాక 1989లో ముగించాడు. అది ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. చదవడానికి మాత్రం చవకరకం పాకెట్ పుస్తకం దొరుకుతుంది, వెళ్ళి అది చదువుకోండి.

మనవాళ్ళు రత్నాల ఖర్చు లేకుండానే ఈ స్థాయిని అందుకున్నారు. ఏ విశ్వవిద్యాలయం గేటు ముందైనా జిరాక్స్ కమ్ బైండింగ్ షాపు ఉంటుంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథానికి మెరూన్ రెక్సిన్ అట్ట, దాని మీద బంగారు అక్షరాలు. రాసినవాడికి టెన్షన్ అంతా వెన్ను మీద తన పేరు స్పెల్లింగ్ గురించే. వైవా అయ్యాక ఆ బంగారం లైబ్రరీ బీరువాలో చేరి, మళ్ళీ మనిషి చెయ్యి ఎరగదు. ఇక కొత్త విల్లాల్లో సోఫా రంగుకు సరిపడేలా తోలు పుస్తకాల్లాంటి ఖాళీ డబ్బాలు పేరుస్తున్నారు. అక్షరాల పీడను పూర్తిగా వదిలించుకున్నవాళ్ళు వీళ్ళే.

కాబట్టి రెండు తెలుగు ప్రభుత్వాలకూ ఒక విన్నపం. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఎలాగూ కడుతున్నాం. ఆ డబ్బుతో పుస్తకాలు కొనడమనే పాత అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే మానేసి, మంచి అట్టలు కొనండి. లోపల తెల్ల కాగితాలు చాలు. పిల్లలు వాటి మీద లెక్కలు చేస్తారన్న భయముంటే, అంచులకు జిగురు పూయించండి.