కల్యాణమండపంలో లిఫ్టు

పర్లాకిమిడి పౌరులకు శుభవార్త. పోయిన నెలలో ఒకే ఒక్క శని, ఆదివారాల్లో మా ఊళ్లో అరవై మంది ఆవిష్కర్తలు తయారయ్యారు. శనివారం పొద్దున పదింటికి వాళ్లంతా మామూలు మనుషులే. ఆదివారం సాయంత్రం రెండో విడత టీ అయ్యేసరికి ఆవిష్కర్తలైపోయారు. నమ్మనివాళ్లకి సర్టిఫికెట్ చూపిస్తారు. లామినేషన్ చేయించి మరీ ఇచ్చారు, వానలో తడిసినా మేధస్సు చెదరదు.

వాళ్లని తయారుచేసిన ఆ రెండు రోజుల సెమినారుకి ఫీజు 4,999 రూపాయలు. అయిదు వేలంటే జనం జడుసుకుంటారని ఒక రూపాయి తగ్గించారు. ఆ రెండు రోజుల్లో నాకు కనిపించిన ఆవిష్కరణ ఆ రూపాయి ఒక్కటే, అదీ చెప్పుల కొట్టు దగ్గర నేర్చుకున్నదే.

డబ్బు కట్టింది నేను కాదు, మా వీధి చివర వెల్డింగు షాపు కుర్రాడు. "మాస్టారూ, ఆలు ఇంగిలీసులో మాటాడతారట. మీరు పక్కనుంటే నాకు ధైర్నం" అన్నాడు. తోడు వచ్చేవాళ్లకి భోజనం ఉచితమని కాగితంలో ఉంది. రిటైరైన మాస్టారుకి ఇంతకంటే ఏం కావాలి?

వేదిక కల్యాణమండపం. వెనక గోడ మీద అంతకుముందు వారం పెళ్లి తాలూకు థర్మోకోల్ అక్షరాలుండేవి. పెళ్లికొడుకునీ పెళ్లికూతురినీ పీకేశారు గానీ మధ్యలో 'వెడ్స్' మాత్రం అలాగే మిగిలిపోయింది. దాని కిందే వక్తగారు రెండు రోజులూ బ్లేజరు వేసుకుని, చెమటలు కక్కుతూ నిలబడ్డారు.

మొదట ఎడిసన్‌ని తీసుకొచ్చారు. బల్బు కోసం ఎన్నిసార్లు ఓడిపోయాడో తెలుసా అని అడిగారు. పొద్దున వెయ్యిసార్లన్నారు. టీ అయ్యాక అయిదు వేలు. భోజనాల ముందు పదివేలు. వడ్డన ఇంకో అరగంట ఆలస్యమైతే ఆ మహానుభావుడికి బల్బు వెలిగే యోగం ఉండేది కాదు. అదే ఎడిసన్ పేరు మీద అమెరికాలో 1,093 పేటెంట్లు, అంటే కనిపెట్టినవాడికి సర్కారు రాసిచ్చే హక్కులు, ఉన్నాయని మాత్రం చెప్పలేదు. ఓటముల లెక్కకి చప్పట్లు పడతాయి, దరఖాస్తుల లెక్కకి ఎవడు కొడతాడు?

"ఈ ఏరియాలో ఇన్నోవేషన్ కల్చర్ లేదు" అని కూడా సెలవిచ్చారు. నిజమే కాబోలు. 1900లోనే రాజావారు నౌపడా నుంచి చిన్నరైలు వేయించుకున్న ఊరిది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనులతో కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టిన ఊరిది. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని ఆయన జీవితమంతా కొట్లాడాడు. ఆ ఊళ్లో నిలబడి ఈయన 'వాల్యూ ప్రపోజిషన్ కాన్వాస్' అంటే, నా ముందు కూర్చున్న పెద్దాయన "కాన్వాసంటే గుడ్డే కదండీ, మీటరెంతట?" అని పక్కవాణ్ని అడిగాడు. మా ఊరి పనివాళ్లు గేదెకొమ్ముతో చేసిన కొంగని జ్ఞాపికగా ఇస్తే, వక్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "త్రీడీ ప్రింటింగా?" అన్నారు.

ఇక లిఫ్టు. ఈ వ్యాసం మొదలుపెట్టిందే దానికోసం.

'ఎలివేటర్ పిచ్' అని ఒక విద్య ఉందట. పెద్ద ఇన్వెస్టరు లిఫ్టు ఎక్కుతాడు, వెనకాలే మనమూ ఎక్కుతాం. అతను దిగేలోగా, ముప్పై సెకన్లలో, మన ఐడియా చెప్పేసి కోటి రూపాయలు రాబట్టాలి. మావాళ్లలో చాలామంది లిఫ్టు ఎక్కింది బరంపురంలోనో విశాఖపట్నంలోనో, ఆసుపత్రిలో ఎవరినైనా చేర్పించినప్పుడు. ఆ లిఫ్టులోనూ పక్కవాణ్ని డబ్బు అడగడం ఉంటుంది గానీ దాన్ని పెట్టుబడి అనరు.

మండపానికి మేడ లేదు. వక్తగారు వెనకాడలేదు. ముగ్గుపిండి తెప్పించి, పెళ్లిళ్లలో హోమం చేసే చోట నలుచదరంగా గీత గీయించారు. అదే లిఫ్టు. రిటైర్డ్ హెడ్‌క్లర్కు ఒకాయన తనంతట తానే లిఫ్టు బాయ్ పదవి స్వీకరించి, ముప్పై ఏళ్లు ఫైళ్లు కదిపిన వేగంతోనే "ఒకటో… అంతస్తు…" అని లెక్కపెట్టడం మొదలెట్టారు. ఇన్వెస్టరు వేషం వక్తగారి అసిస్టెంటుది.

మొదట ఎక్కినాయన ఐడియా ఎండుచేపల వాసన బయటికి రాని సంచి. బస్సులో ప్రయాణం చేసినవాడెవడైనా దానికి ఆస్తి రాసిచ్చేస్తాడు. కానీ మనవాళ్లకి పరిచయం చేసుకోకుండా పని చెప్పడం మర్యాద కాదు కదా. "నమస్కారమండీ, మాది ఫలానా ఊరు, మా నాన్నగారు…" అని ఎత్తుకున్నాడు. రెండో అంతస్తులో ఇన్వెస్టరు పిన్నిగారిని టెక్కలిలో ఇచ్చారని తేలింది. మూడో అంతస్తులో ఆ పిన్నిగారి తోటికోడలు ఈయనకి మేనత్త వరస అయింది. అయిదో అంతస్తు రాగానే ఇన్వెస్టరు దిగిపోయాడు. సంచి ఊసే రాలేదు, సంబంధం మాత్రం దాదాపు కుదిరింది.

తరవాతి మనిషి ఎక్కేసరికి నిజంగానే కరెంటు పోయింది. "లిఫ్టు ఆగిపోయిందండీ, ఎవరూ దిగొద్దు" అన్నారు హెడ్‌క్లర్కుగారు. వక్తగారు దాన్నీ పాఠం చేసేశారు: "క్రైసిస్‌లోనే ఆపర్చునిటీ!" పావుగంట సేపు ఇద్దరు ఎదిగిన మగవాళ్లు ముగ్గుగీత లోపల నిలబడ్డారు. ఇన్వెస్టరుకి దాహమేస్తే వంటమనిషి గీత బయటి నుంచి చెయ్యి చాచి మంచినీళ్లందించాడు. "తలుపులు మూసున్నాయి కదా, గ్లాసు లోపలికెలా వచ్చింది?" అని ఒక గుంటడు గట్టిగా అడిగాడు. ఆ మండపంలో ఆవిష్కర్త ఎవరైనా ఉన్నాడంటే వాడే. వాళ్లమ్మ వాణ్ని చెవి పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

చట్టం సంగతి ఒక స్లైడులో ముగిసింది. మన పేటెంట్ల చట్టం 1970 నాటిది. అందులో సెక్షన్ 3, ఏవి ఆవిష్కరణలు కావో వరసగా చెబుతుంది. ప్రకృతి నియమాలకి స్పష్టంగా విరుద్ధమైనది ఆవిష్కరణ కాదు. తెలిసిన పరికరాలే, దేని పని అది మామూలుగా చేసుకుపోతుంటే, వాటిని పక్కపక్కన పెట్టినంత మాత్రాన అదీ కాదు. రెండు రోజుల్లో మనిషి ఆవిష్కర్త అవుతాడన్నది మొదటి క్లాజులో పోతుంది. మైకు, ఫ్లెక్సీ, సమోసా, బ్లేజరు పక్కపక్కన పెట్టడం రెండో దాంట్లో పోతుంది. వెరసి ఈ సెమినారుకి పేటెంట్ రాదు. బహుశా అందుకే ఆ స్లైడు అంత తొందరగా తిప్పేశారు.

ఆదివారం మా కుర్రాడు లిఫ్టెక్కాడు.

"యువర్ ప్రాబ్లం స్టేట్‌మెంట్?" అన్నాడు ఇన్వెస్టరు. వీడు నావైపు చూశాడు. ఇబ్బందేమిటని అడుగుతున్నారురా అన్నాను. "మాయమ్మ యేలిముద్ర పడదండి" అన్నాడు. అందరూ నవ్వారు.

వాళ్లమ్మ జీడిపిక్కల షెడ్డులో కూలి. పిక్క పగిలినప్పుడు తొక్కలోంచి కారే సొన చర్మాన్ని కాల్చేస్తుంది. చేతులకి బూడిద రాసుకున్నా ఎన్నాళ్లాగుతుంది? వేళ్ల కొసలు నల్లబడి, పొరలు లేచి, గీతలు చెరిగిపోయాయి. రేషన్ షాపు మిషను ఆవిణ్ని గుర్తుపట్టదు. కుర్రాడు ఆరునెలలు రాత్రిళ్లు కూర్చుని ఒకటి చేశాడు. కాలితో తొక్కే కత్తెర మామూలుగా షెడ్డుల్లో ఉండేదే. దాని ముందు గుంటలున్న గుండ్రటి పళ్లెం పెట్టి, పాత సైకిల్ ఫ్రీవీల్ బిగించాడు. ఒక తొక్కుకి టిక్కుమని ఒక గుంట జరుగుతుంది, పిక్క దానంతటది కత్తి కిందికొస్తుంది. సొన కింద కాలవలోంచి డబ్బాలో పడుతుంది. వేలు కత్తి దగ్గరికీ పోదు, సొన దగ్గరికీ పోదు. పప్పు ఎక్కువ భాగం గుండుగానే వస్తుంది. బద్దకీ గుండుకీ ధరలో తేడా ఎంతో పలాస వ్యాపారిని అడగండి, మార్కెట్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాడు, ఫీజు తీసుకోడు.

నవ్వులు ఆగాయి. మిషను వేదిక మీదికి తెప్పించారు. విప్పించారు. పళ్లెం కింద ఏముంది, స్ప్రింగు ఎక్కడుంది, గుంట లోతెంత, అన్నీ వాడి నోటే చెప్పించి వీడియో తీశారు. ఆ రాత్రికే ఇంటర్నెట్లో పెట్టేశారు. వాడు పొంగిపోయి ఊరందరికీ పంపాడు.

ఇప్పుడు నాకు వ్యంగ్యం రావడం లేదు, క్షమించండి.

పేటెంట్ కావాలంటే ఆ వస్తువు కొత్తదై ఉండాలి. దరఖాస్తు చేయకముందే నలుగురి ముందూ బయటపెట్టిన దాన్ని చట్టం కొత్తదని ఒప్పుకోదు, బయటపెట్టింది చేసినవాడే అయినా సరే. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శన అయితే 12 నెలలు గడువిస్తారు. మా కల్యాణమండపం శుభలేఖల్లోకి ఎక్కింది గానీ గెజిట్‌లోకి ఎక్కలేదు. ముందు నోరు మూసుకుని దరఖాస్తు పెట్టు, తరవాత చూపించు: ఈ వృత్తిలో మొదటి పాఠం ఇది, ముప్పై సెకన్లు కూడా పట్టదు. ప్రొవిజనల్ దరఖాస్తుకి, అంటే ముందుగా పెట్టే తాత్కాలిక దరఖాస్తుకి, మామూలు మనిషి ఆన్‌లైన్లో కట్టాల్సింది 1,600 రూపాయలు. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల టైముంటుంది. వాడి దగ్గర 4,999 లాక్కున్న పెద్దమనుషులు అందులోంచి 1,600 అక్కడ కట్టించి ఉంటే, మిగతా 3,399 మింగేసినా నేను ఒక్క అక్షరం రాసేవాణ్ని కాదు. వాడి పనితనం పేటెంట్‌కి నిలుస్తుందా లేదా అన్నది పేటెంట్ ఆఫీసు ఎగ్జామినరు తేల్చాల్సిన విషయం. ఆ మాట అడిగే దారినే మూసేశారు. తెలియక చేశారా? తెలియకపోతే పాఠం చెప్పడానికి ఎందుకొచ్చారు? తెలిసే చేస్తే దాన్ని ఏమనాలో పర్లాకిమిడి తెలుగులో మంచి మాటే ఉంది, ఇక్కడ అచ్చు వేయరు.

వక్తగారికి ఫోన్ చేశాను. "సార్, ఎగ్జిక్యూషన్ ముఖ్యం, ఐడియాలు చీప్" అన్నారు. మరి ఆ చీప్ వస్తువు వీడియో తీసేయండి అంటే, ఫారం మీద సంతకం చేశాడు కదా అన్నారు. చేశాడు. ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల కింద. పక్కనే నేనున్నాను. భోజనం టోకెన్ చూసుకుంటున్నాను.

ఇంకో విచిత్రం. మేం ఒడిశా కాబట్టి మా దరఖాస్తు కోల్‌కతా పేటెంట్ ఆఫీసుకి పోతుంది. ఊరు దాటితే పాతపట్నం, ఆంధ్ర. వాళ్లది చెన్నై. "పాతపట్నంలో మా మేనమామున్నాడు మాస్టారూ, ఆడి పేరున చెన్నైలో ఏత్తే?" అని అడిగాడు కుర్రాడు. ఏ ఊళ్లో వేసినా చూసే వీడియో అదేరా నాయనా అని చెప్పలేక, టీ తెప్పించాను.

ఇప్పుడు రెండో లెవెల్ సెమినారట. 9,999. మెయిన్‌రోడ్డు మీద పదడుగుల ఫ్లెక్సీ కట్టారు. వక్తగారి బ్లేజరు పక్కన మా కుర్రాడి మిషను ఫొటో, కింద 'మా విజయగాథ' అని. ఫ్లెక్సీ నిలబెట్టిన ఇనపఫ్రేము వెల్డింగు కూడా మా కుర్రాడిదే. ఏడొందలు ఇంకా ఇవ్వలేదు.